కామెర్లని రాసిన చోట

“ఏ ఆస్పత్రిలో చూపించావు నాన్నా?”

కూతురు ఇలా అడగడం పొద్దున్నుంచి ఇది మూడోసారి.

డ్రైవరు వంటగదిలో నిలబడి గ్లాసెడు నీళ్ళలో పొడి కలుపుతున్నాడు. పలచటి నీళ్ళు తాగితే భార్యకు పొలమారుతుంది. పొలమారితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయని ఆస్పత్రివాళ్ళు భయపెట్టి మరీ ఇంటికి పంపారు. అందుకని ఈ పొడి వేసి నీళ్ళు చిక్కబరచాలి, ఉండ కట్టకుండా చూడాలి. ఉండలు ఎప్పుడో కరిగిపోయాయి. అయినా అతను చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

“నిన్నే నాన్నా.”

“ఎప్పటి మాటో అది చిట్టీ. తొమ్మిదేళ్ళయింది. గుర్తు లేదు.”

“నాలుగు నెలలు మంచం పట్టిన మనిషిని ఎక్కడ చూపించావో గుర్తు లేదా? నీ బస్సులో ఏ సీటుకి ఏ బోల్టు ఊడిందో నిద్రలో లేపి అడిగినా చెప్తావు!”

“అమ్మకి నీళ్ళు పట్టాలి. అడ్డం లే.”

“పదకొండింటికి డాక్టరమ్మ అడుగుతుంది. నేనేం చెప్పను?”

ఆమె చేతిలో నిన్నటి రక్తపరీక్ష కాగితం ఉంది. ఏడు వారాల కిందట తల్లిని స్ట్రెచర్ మీద లోపలికి తోసుకెళ్ళిన రోజున ఆస్పత్రి ఫారం నింపింది ఈ కూతురే. ‘ఇంతకుముందున్న జబ్బులు’ అన్న గడిలో షుగరు, బీపీ అని రాసి, కాసేపు ఆలోచించి, ‘తొమ్మిదేళ్ళ కిందట కామెర్లు, నాలుగు నెలలు’ అని తన గుండ్రటి అక్షరాలతో చేర్చింది. డ్రైవరు పక్కనే ఉన్నాడు. చూశాడు. ఆ నిమిషాన నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఎప్పుడు చెబుదామనుకున్నా ఆలస్యమైపోయినట్టే అనిపిస్తూ వచ్చింది.

ఆ ఒక్క మాట ఏడు వారాలుగా భార్యను వదలకుండా వెంట తిరుగుతోంది. నాలుగు నెలల కామెర్లంటే లివరు ఎంత దెబ్బ తిన్నదోనని డాక్టరమ్మ కొలెస్ట్రాల్ మాత్ర సగం మోతాదే ఇస్తోంది. మూడుసార్లు రక్తం తీయించింది, ఒకసారి స్కానింగు తీయించింది. అన్నీ బాగానే ఉన్నాయి. దాంతో ఆమెకు అనుమానం పెరిగి, పాత కాగితాలు ఉంటే తెమ్మంది, లేకపోతే ఎక్కడ చూపించారో అదయినా చెప్పమంది.

“లివరు పసిపిల్లల లివర్లా ఉందట నాన్నా. నాలుగు నెలలు కామెర్లతో పడున్న మనిషిది.”

డ్రైవరు చెంచా తీసి సింకులో పడేశాడు.

అప్పుడే అతని అక్క మాసిన దుప్పట్లు చంకన పెట్టుకుని లోపలికొచ్చింది. తమ్ముడి సంసారం ఇలా అయిందని తెలిసిన రోజునే సంచి సర్దుకుని వచ్చేసిన మనిషి. అప్పటినుంచి మరదలి పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, మాసినవి ఉతకడం అంతా ఆవిడే. చెయ్యి ఎంత పని చేస్తుందో నోరూ అంత పని చేస్తుంది.

“లివరు బాగుంది, గుండె బాగుంది. ఇంకేం రోగమట?” అంది. “ఆస్పత్రికొచ్చే ఆ లేతు మిషను షాపు పెద్దాయన్ని చూడు. నీ పెళ్ళానికి పక్షవాతం వచ్చిన రోజే ఆయనకీ వచ్చింది, ఆయనకీ కుడి పక్కే పడిపోయింది. డెబ్బై రెండేళ్ళు! నిన్న నా కళ్ళముందు మెట్లెక్కాడు. ఈవిడకి నలభై ఆరు. చెయ్యెత్తమ్మా అంటే గోడకేసి చూస్తుంది.”

“అక్కా, మెల్లగా.”

“ఎందుకు మెల్లగా? వినాలనే అంటున్నా. మొదట్లో వేళ్ళు కదిలాయి కదా. ఇప్పుడేమైంది? మనసు పెట్టట్లేదని ఆ ఫిజియో కూడా మొత్తుకుంటున్నాడు. ఒళ్ళు వంచని మనిషికి ఎవడొచ్చి చెయ్యెత్తుతాడు? పౌరుషమొచ్చయినా లేస్తుందేమోనని నా ఆశ.”

“నోరు ముయ్యి!”

అరిచింది డ్రైవరే.

తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని తిరిగిన అక్క ఆవిడ. యాభై ఏళ్ళ బతుకులో ఆవిడని అతను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ తమ్ముడి ముఖం వంక చూసింది. దుప్పట్లు కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వీధి గుమ్మం వైపు వెళ్ళిపోయింది.

కూతురు రక్తపరీక్ష కాగితం మడతపెట్టింది.

* * *

ముందుగదిలో భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వంటగదికీ ఆ మంచానికీ మధ్య తలుపయినా లేదు. అన్నీ విన్నదని ఆమె వీపు చూస్తేనే తెలుస్తోంది.

డ్రైవరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆమె భుజం కింద చెయ్యి వేసి లేపి, దిండు ఆనించి, చెంచాతో నీళ్ళు పట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో చెంచాకి పెదవులు బిగుసుకున్నాయి.

“ఏం సూదులమ్మా,” అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అతను పిలిచే పిలుపు అది. క్లినిక్కు ల్యాబులో రక్తం తీసే పని ఆమెది. ఆమె చేతిలో సూది పడితే పసిపిల్లలు కూడా ఏడవడం మరిచిపోతారని, పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా జనం ఆమె దగ్గరే వరస కట్టేవారు. “నిన్న నా బస్సులో ఏమైందో తెలుసా? ఒకాయన ఎక్కి, డ్రైవరు గారూ, ఈ బస్సు ఆస్పత్రికి వెళ్తుందా అన్నాడు. దానికి ఒంట్లో బాగానే ఉందండీ, ఆస్పత్రికెందుకు వెళ్తుంది అంది మన కండక్టరమ్మ.”

పూర్వమయితే ఇంత చప్పటి జోకు చెప్పినందుకు దిండు పుచ్చుకుని విసిరేది. ఇప్పుడు ఆమె కళ్ళు అతని ముఖం మీదుగా జారి గోడ మీదకి పోయాయి.

నవ్వదని తెలిసే చెప్పాడు. నవ్వలేదని మళ్ళీ నొచ్చుకున్నాడు.

కుడి చెయ్యి దుప్పటి మీద, ఎవరో అక్కడ మరిచిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది. అతను దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఫిజియో నేర్పినట్టు వేళ్ళు ఒక్కొక్కటే విప్పి ముడిచాడు. మూడో వారంలో ఈ చూపుడు వేలు దానంతట అదే ఒకసారి వణికింది. ఆ రోజు అతను డిపోలో అందరికీ టీలు తాగించాడు. ఆ తర్వాత ఆ వేలు మళ్ళీ కదల్లేదు.

అతనికి ఈ చూపు కొత్త కాదు. తొమ్మిదేళ్ళ కింద చూశాడు. అప్పుడామెకి చెయ్యీ కాలూ, మాటా అన్నీ బాగానే ఉన్నాయి. చూపు మాత్రం ఇదే.

* * *

అక్క కింద పెట్టేసిన దుప్పట్లు తనే ఉతికి, పెరట్లో కుళాయి దగ్గర పిండుతుంటే కూతురు వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపూ తిప్పారు. నీళ్ళు ధారగా కారి గచ్చు మీద పడ్డాయి.

“అమ్మకి కామెర్లు రాలేదు కదా నాన్నా?”

అతను ఇంకో మెలిక తిప్పాడు.

“అత్తయ్య మీద అరిచావు. నువ్వు అత్తయ్య మీద అరవవు. ఏదో ఉంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ గదిలోకి వెళ్ళద్దన్నావు, అంటుకుంటుందన్నావు. తలుపు బయట కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. అమ్మకి నూనె వస్తువులు పనికిరావని అన్నావని నేను కూడా మానేశాను. నాలుగు నెలలు. అమ్మ ఒక్కతే చప్పిడి తింటే బాధపడుతుందని. నువ్వు చూస్తూనే ఉన్నావు. తిను చిట్టీ, ఫర్వాలేదు అని ఒక్కసారి కూడా అనలేదు.”

డ్రైవరు చేతిలో దుప్పటి కొస జారింది. ఉతికిన దుప్పటి తడి గచ్చు మీద పడింది. ఇద్దరూ వంగలేదు.

“అది ఒంటి జబ్బు కాదురా,” అన్నాడు చివరికి.

“మరి?”

“మనసుది.”

డ్రైవరు కిందపడ్డ దుప్పటి కేసి చూస్తూ చెప్పాడు.

“ఒక రోజు పొద్దున్న డ్యూటీకి బయల్దేరింది. భుజాన సంచి, ఒక కాలికి చెప్పు. రెండో చెప్పు వేసుకోవాలి. గుమ్మంలో కూర్చుంది, లేవలేదు. నేను మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చేసరికి అలాగే కూర్చుని ఉంది, ఒక కాలికి చెప్పుతో. ఏమైందే అంటే, ఏమీ కాలేదు, అదే నాకూ తెలీట్లేదు అంది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ పోలేదు, ఇంట్లో ఏ కష్టమూ లేదు. కారణం లేకపోవడమే ఆమెకి పెద్ద సిగ్గయిపోయింది. మనల్నెవరూ ఎరగని ఊళ్ళో డాక్టరుకి చూపించాను. ఏడాది మాత్రలు వాడింది. తేరుకుంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఎవరికీ చెప్పనని మాట తీసుకుంది. పిచ్చిదాని చేతికి సూదిస్తారా అంటారు, నా దగ్గర ఎవరూ చెయ్యి చాపరు అని ఏడ్చింది. ఆ చేతి పని తప్ప ఆమెకి ఇంకేముంది చెప్పు? సరేనన్నాను. కామెర్లన్నది నేనే. నోటికి ఏదొస్తే అది అనేశాను.”

“అప్పుడంటే అప్పుడు. మరి ఈ ఏడు వారాలు?” కూతురు కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు. “బద్ధకం అన్నారు. మొండి అన్నారు. నేను కూడా... మొన్న నేను అమ్మ చెయ్యి పట్టుకుని ఊపేశాను నాన్నా, నీకు మా మీద ప్రేమ ఉంటే ఎత్తు అని! నీకు తెలిసి కూడా ఊరుకున్నావు. ఆమె పరువు కాపాడావు. బాగుంది. ఆ పరువు పట్టుకుని ఇప్పుడామె నడుస్తుందా?”

డ్రైవరు వంగి దుప్పటి తీసి మళ్ళీ కుళాయి కింద పెట్టాడు.

* * *

డాక్టరమ్మ గదిలో కిటికీ పక్కన చక్రాల కుర్చీ ఆపారు. అద్దంలోంచి వ్యాయామాల హాలు కనిపిస్తోంది. లేతు మిషను పెద్దాయన రెండు కడ్డీల మధ్య నడుస్తూ, తప్పటడుగుకొకసారి తనను తానే తిట్టుకుంటున్నాడు. అవతల కొస నుంచి ఆయన ముసలావిడ ఎదురు తిడుతోంది. ఇద్దరికీ ఎంత హుషారుగా ఉందో!

“విషయం దాచనండీ,” అంది డాక్టరమ్మ. యాభై దాటిన మనిషి, అలసిన కళ్ళు. “నాలుగు వారాలుగా ఎక్కడిదక్కడే ఉంది. మొదటి మూడు నెలలూ మాకు చాలా విలువైనవి. ఆ తర్వాత బాగుపడరని కాదు, కానీ ఇంత తొందరగా సాగదు. కాగితాలు తెచ్చారా?”

కూతురు తండ్రి వంక చూసింది.

“అమ్మా,” అన్నాడు డ్రైవరు, “మీతో ఒక్కసారి బయట మాట్లాడాలి.”

“దేని గురించి? ఆవిడ గురించేనా? అయితే ఇక్కడే మాట్లాడండి. ఆవిడకి మాట పోయింది కానీ మనం అనేవన్నీ అర్థమవుతాయి. ఏడు వారాలుగా అందరూ ఆవిడ తల మీంచి మాట్లాడుకుంటున్నారు.”

అతను భార్య వైపు చూశాడు. ఏం చెప్పబోతున్నాడో ఆమెకి అర్థమైపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. వద్దు, వద్దు అన్నట్టు తల చాలా చిన్నగా అటూ ఇటూ కదిలింది.

ముప్పై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నాడు. వర్షంలో, ఇరుకు వంతెన మీద, ఎదురుగా లారీ వస్తున్నా అతని చేతులు వణకలేదు. ఇప్పుడు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

“కామెర్లు కాదమ్మా,” అన్నాడు. “నేను అబద్ధం చెప్పాను.”

చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ నేల చూపే చూశాడు. తలెత్తేసరికి భార్య కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఎడమ కంటి చివర నుంచి ఒక్క ధార చెవి దాకా దిగింది.

డాక్టరమ్మ కుర్చీ జరుపుకుని వచ్చి భార్య ఎదురుగా కూర్చుంది.

“అమ్మా, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ పెద్దాయన్ని చూసి మీవాళ్ళు మిమ్మల్ని పోల్చి ఉంటారు. ఆయనకి అంతకుముందు ఒక్క జబ్బు లేదు. స్ట్రోకు ఒక్కదానితోనే ఆయన పోట్లాట. మీకు షుగరు పన్నెండేళ్ళుగా ఉంది, బీపీ ఉంది. ఒంట్లో నరాలు, రక్తనాళాలు ముందే అలిసిపోయి ఉన్నాయి. దానికి తోడు ఈ డిప్రెషన్. ఒకసారి వచ్చినవాళ్ళకి స్ట్రోకు తర్వాత మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. అది తిరగబెడితే చెయ్యెత్తాలని మెదడు ఎంత చెప్పినా, ఎందుకెత్తాలి అనిపిస్తుంది. అది మొండితనం కాదు. మనం దానికి మందివ్వొచ్చు. మీ చెయ్యి అమాంతం లేస్తుందని చెప్పను. కానీ లేవాలన్న కోరిక తిరిగి రావచ్చు.”

కూతురు వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“ఒక్క సంగతి అడగాలి,” డాక్టరమ్మ ఫైలు తిరగేసింది. “ఇది మొదటి రోజునుంచీ నాకు అంతుపట్టట్లేదు. చేరిన రోజున మీ మూడు నెలల షుగరు సగటు పన్నెండు దాటి ఉంది. క్రమంగా మాత్రలు వేసుకునేవారికి ఇంత ఉండదు.”

“అదెలా అమ్మా?” అన్నాడు డ్రైవరు. “నాకు మాత్ర మరిచిపోతే గుర్తు చేసేదే తను. పొద్దుటే మాత్రల డబ్బా తీయడం నేను రోజూ చూసేవాణ్ణి.”

“తీయడం చూశారు.” డాక్టరమ్మ గొంతు మెత్తబడింది. భార్య వైపు తిరిగింది. “అవునంటే ఎడమ బొటనవేలు ఎత్తండి. కాదంటే వద్దు. తొందరేమీ లేదు. మాత్రలు మానేశారా?”

హాల్లో పెద్దాయన ఏదో గెలిచినట్టు కేకేశాడు.

ఎడమ బొటనవేలు కుర్చీ చెయ్యి మీంచి మెల్లగా లేచింది.

“మరిచిపోయారా?”

వేలు దిగిపోయింది.

“కావాలనే మానేశారా?”

చాలాసేపటికి లేచింది.

డ్రైవరు భార్య ముఖంలోకి చూశాడు. ఎప్పుడు? రోజూ పక్కనే ఉన్నాడు. జోకులు చెబుతూనే ఉన్నాడు. నవ్వింది కూడా కదా? ఆఖరుసారి నిజంగా ఎప్పుడు నవ్వింది? ఎంత వెనక్కి తోడినా ఆ రోజు దొరకలేదు. స్ట్రోకు తర్వాత వచ్చిందనుకున్న చీకటి స్ట్రోకు కంటే ముందే ఇంట్లోకొచ్చి, అతని ఎదురుగానే కూర్చుని అన్నం తింది.

“ఎన్నాళ్ళు? నెలా? రెండు? మూడు?” డాక్టరమ్మ లెక్కపెట్టింది. మూడు దగ్గర వేలు కదిలింది. “ఇంట్లో ఎవరికైనా తెలుసా అమ్మా?”

వేలు పూర్తిగా లేవలేదు, దిగనూ లేదు, సగంలో వణుకుతూ ఆగిపోయింది. భార్య కళ్ళు మాత్రం పక్కకి, కూతురి వైపు తిరిగాయి, తన ప్రమేయం లేకుండా తిరిగినట్టు. వెంటనే వెనక్కి లాక్కుంది. కానీ అప్పటికే అందరూ చూశారు.

కూతురు ఏడుపు ఆగిపోయింది.

“చిట్టీ?”

“చెత్తబుట్టలో దొరికాయి నాన్నా,” అంది కూతురు. “విప్పని మాత్రల అట్టలు. ఏమిటమ్మా ఇవి అంటే, డాక్టరు మందు మారుస్తున్నారే, ఇవి పనికిరావు అంది. ల్యాబులో పని చేసే మనిషి కదా, తనకి తెలీదా అనుకున్నాను. నాన్నకి చెప్పకు, ఊరికే గాభరా పడతాడు అంది.”

“ఎప్పుడు?”

“పడిపోవడానికి నెల ముందు.”

ఆ నెల రోజులూ అతని కళ్ళముందు తిరిగాయి. ముప్పై రోజులు. ఒక్క మాట చెప్పి ఉంటే. పొద్దున్న పెరట్లో తనను నిలబెట్టి కడిగేసిన ఈ పిల్ల, ఈ మాట కడుపులో పెట్టుకునే కడిగేసిందా? కోపం కాళ్ళ నుంచి నెత్తికి ఎక్కింది. ఎందుకు చెప్పలేదని తను పొద్దున్న విన్న ప్రశ్నే నాలుక చివరకొచ్చి నిలిచింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కూతురు దెబ్బ పడుతుందన్నట్టు కళ్ళు మూసుకుంది.

భార్య గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు, మూలుగూ కాదు, ఏడు వారాలుగా ఆ ఇంట్లో ఎవరూ విననిది. ఎడమ చెయ్యి చాచి అతని చొక్కా అంచు పట్టుకుంది. ఒంట్లో మిగిలిన బలమంతా ఆ గుప్పిట్లోకే వచ్చినట్టు, గుడ్డ చిరుగుతుందేమో అన్నంతగా పట్టుకుంది.

బిడ్డ మీదకి పోవద్దని పట్టుకుందో, తనను వదిలి పోవద్దని పట్టుకుందో అతనికి అర్థం కాలేదు. అడిగితే చెప్పే నోరు ఆమెకి లేదు. అతను అలాగే నిలబడ్డాడు.